మంచం పక్కన కూర్చున్నవారి మాట

(అక్టోబరు 1, అంతర్జాతీయ వయోవృద్ధుల దినం నాడు మా పట్టణంలోని ఒక మస్జిద్ ప్రాంగణంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజుకు రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. అక్టోబరు 1ని వయోవృద్ధుల దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 1990లో నిర్ణయించింది. అది ఒకటి. ఒకటో తేదీ గనుక తెల్లవారినప్పటినుంచి సచివాలయ సిబ్బంది మన సందుల్లో తిరిగి పింఛను పంచారు. అది రెండవది. మొదటి సంగతి మన పెద్దల్లో చాలామందికి తెలియదు. రెండవదాని కోసం మాత్రం నెలంతా ఎదురుచూస్తారు. ఐక్యరాజ్యసమితి మీద మాకు గౌరవం ఉన్నప్పటికీ ఈ సభలో మేము రెండవ సంగతి గురించే ఎక్కువగా మాట్లాడదలచాము.

కరపత్రంలో ‘వయోవృద్ధులు, వారి సంరక్షకుల హక్కులు’ అని ముద్రించాము. ఇప్పుడు చుట్టూ చూస్తే ఒక విషయం మా మనస్సును కలచివేస్తున్నది. సంరక్షకుల కోసం పెట్టిన సభకు సంరక్షకులే రాలేదు. ఎలా రాగలరు? మంచాన పడిన అత్తగారిని, కదలలేని తండ్రిని ఎవరికి అప్పగించి వస్తారు? కనుక ఇక్కడ విన్నది మీరు ఇంటికి తీసుకువెళ్ళి వారికి చెప్పవలసి ఉంటుంది. ఆ షరతు మీదనే మేము మాట్లాడుతున్నాము.

మన ఇళ్ళకు వృద్ధాశ్రమాల అవసరం లేదు, మన తల్లిదండ్రులు మన దగ్గరే ఉంటారు అని మనవారు తరచుగా, కొంత గర్వంగా అంటూ ఉంటారు. ఆ మాటలో సత్యం ఉన్నది. తల్లిదండ్రుల ఎదుట విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనరాదని చిన్ననాటినుంచి ఖుత్బాల్లో వింటూ పెరిగినవారము. అయితే ‘మన దగ్గర’ అన్నప్పుడు ఆ ‘మన’ ఎవరు? పక్షవాతం వచ్చిన మనిషిని దాదాపు రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టకపోతే వీపున పుండ్లు పడతాయి. రాత్రివేళ కూడా మార్చవలసిందే. మూత్రపు గుడ్డలు మార్చాలి, ఒళ్ళు తుడవాలి, జావ చెంచాతో పట్టాలి, మాత్రలు వేళకు వేయాలి, ఫజర్‌కు వుజూ చేయించాలి. ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారో మీ మీ ఇళ్ళలో ఒక్కసారి చూడండి. సాధారణంగా ఒక్క మనిషే. ఆ మనిషి సాధారణంగా స్త్రీయే. కోడలో, పెళ్ళి కాని కూతురో, భర్త పోయి పుట్టింటికి చేరిన కూతురో. ‘ఎంత మంచి కొడుకు, తల్లిని కళ్ళలో పెట్టుకొని చూసుకుంటున్నాడు’ అన్న కీర్తి మాత్రం మనకు దక్కుతుంది.

ఇమామ్ సాహెబ్ వేదిక మీదనే ఉన్నారు, పొరపాటైతే సరిదిద్దుతారు. అత్తమామల సేవ కోడలి మీద షరియత్ మోపిన బాధ్యత కాదనీ, ఆమె చేస్తే అది ఇహ్సాన్ అనీ, అసలు బాధ్యత కన్నబిడ్డలదేననీ ఉలమాలు వివరిస్తారు. ఇహ్సాన్ చేసిన మనిషికి కృతజ్ఞత చెప్పాలి. మనమేమో ఆమె ఆలస్యం చేస్తే లెక్క అడుగుతున్నాము.

ఇక కాగితాల సంగతికి వస్తాము. మేము కొందరం విశ్రాంత ప్రభుత్వోద్యోగులం. జీవితమంతా గుమాస్తాగిరీలో గడిచింది. మా పింఛను నెల తిరిగేసరికి బ్యాంకులో పడుతుంది గనుక ఇతరుల పింఛను కోసం తిరగడానికి మాకు తీరిక ఉన్నది. కొంతకాలంగా ప్రతి ఆదివారం జుహర్, అసర్ నమాజుల నడుమ ఈ మస్జిద్ పక్కగదిలో కూర్చుంటున్నాము. వచ్చేవారి సంచుల్లోని కాగితాలు చూసి, ఏది సరిపోలేదో, ఎక్కడికి వెళ్ళాలో చెబుతాము. దరఖాస్తు రాసిపెడతాము. పెద్ద పనేమీ కాదు.

ఆ సంచుల్లో మొదట కనిపించే చిక్కు పేర్లది. ఒక కాగితంలో ‘షేక్’, మరొకదానిలో ‘షైక్’, ఇంకొకదానిలో ‘ఎస్’ అన్న ఒక్క పొడి అక్షరం. ఆధార్‌లో ‘బీ’, బియ్యం కార్డులో ‘బీబీ’, బ్యాంకు పుస్తకంలో ‘బేగం’. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. మనిషి ఒక్కతే, కంప్యూటరు దృష్టిలో ముగ్గురు. ఆ పేర్లను వారు తప్పుగా చెప్పలేదు. ఉర్దూ ఉచ్చారణ చెవికి పడక, ఒకసారి తిరిగి అడిగే ఓపిక లేక, తోచినట్లు రాసినవారు మావంటి గుమాస్తాలే.

రెండవ చిక్కు వయస్సుది. బడికి వెళ్ళని, ఆసుపత్రిలో కాక ఇంట్లోనే పుట్టిన తరానికి పుట్టిన తేదీ ఎక్కడిది? నమోదు కేంద్రంలో కూర్చున్న కుర్రవాడు ముఖం చూసి ఒక సంవత్సరం అంచనా వేసి, జనవరి 1 అని కొట్టాడు. మా వద్దకు వచ్చిన ఒక తల్లి ఆధార్ ప్రకారం ఆమెకు 55 ఏళ్ళు, ఆమె పెద్దకొడుకుకు 46. తల్లికీ కొడుకుకూ మధ్య తొమ్మిదేళ్ళే. ఈ లెక్క తప్పని చూపడానికి కోర్టు అక్కరలేదు, వేళ్ళు చాలు. అయినా ఆమె దరఖాస్తు ‘వయస్సు చాలదు’ అన్న కారణంతో తిరిగి వచ్చింది. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్ళు నిండాలి కదా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇటువంటి దరఖాస్తుల మీద అటువంటి రిమార్కులే రాసి తిప్పి పంపినవారము మేము. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. కానీ ఆ తరువాత ఏం చేయాలో ఆ మనిషికి ఒక్క ముక్క చెప్పి పంపి ఉండవచ్చు. చెప్పలేదు. ఆదివారాలు ఇక్కడ కూర్చోవడానికి అది కూడా ఒక కారణం.

ఆ తల్లి విషయంలో మేము చేసిన పని, చేసిన పొరపాటు రెండూ చెబుతాము, ఎందుకంటే రెండూ మీకు ఉపయోగపడతాయి. ఆధార్‌లో పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు. పేరుకైతే రెండు అవకాశాలు. కనుక చేతిలో గట్టి కాగితం లేకుండా తొందరపడి మార్పుకు వెళ్ళరాదు. గట్టి కాగితం అంటే జనన ధ్రువపత్రం. ఏడాది దాటిన జననాన్ని ఆలస్యంగా నమోదు చేయించాలంటే ఒకప్పుడు ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. 2023లో చట్టాన్ని సవరించిన తరువాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, వారు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది. సామాన్యుల భాషలో చెప్పాలంటే, కోర్టుకు కాక రెవెన్యూ అధికారి వద్దకు వెళ్ళాలి. ఖాజీ సాహెబ్ వద్ద పాత నికాహ్ రిజిస్టరు దొరికింది. అది పుట్టిన తేదీకి రుజువు కాకపోయినా, పెళ్ళి జరిగిన సంవత్సరాన్ని బట్టి తోడు సాక్ష్యంగా పనికివచ్చింది. ఆధార్ గుర్తింపుకే గాని పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక నష్టపరిహారం కేసులో చెప్పిన సంగతిని కూడా అర్జీలో రాశాము. అన్నీ కలిసి ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలల నడుమ ఆ తల్లికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే కూతురు ఉద్యోగం మానేసి మంచం పక్కన కూర్చున్నది. మేము మాత్రం వయస్సు కాగితం కోసమే తిరుగుతూ ఉన్నాము. ఒక ఆదివారం డిగ్రీ చదివే కుర్రవాడు ఒకడు, ‘చాచా, మంచాన పడినవారి పింఛనుకు వయస్సుతో పనేమిటి?’ అని అడిగాడు. మాకు నోట మాట రాలేదు. నిజమే, పని లేదు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను ఉన్నది. వృద్ధాప్య పింఛను 4,000, సాధారణ వికలాంగుల పింఛను 6,000. మూడూ వేరు వేరు తలుపులు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న గుమాస్తాలం మొదట పట్టుకున్న తలుపునే కొడుతూ నిలబడ్డాము. మీ ఇంట ఇటువంటి కష్టం వచ్చినప్పుడు మొదట అడగవలసింది ‘వయస్సు ఎంత’ అని కాదు, ‘స్థితి ఏమిటి’ అని.

ఆ రెండవ తలుపుకు తాళంచెవి సదరం ధ్రువపత్రం. సచివాలయంలో స్లాటు తీసుకొని, ఆ రోజు ప్రభుత్వ ఆసుపత్రికి మనిషిని తీసుకువెళ్ళాలి. ఆ తల్లిని పరుపుతో సహా ఆటోలోకి ఎక్కించడానికి నలుగురు యువకులు కావలసి వచ్చారు. ఉదయం వెళితే వంతు మధ్యాహ్నానికి వచ్చింది. అంతసేపూ వరండాలో, పదిమంది చూస్తుండగా, కూతురు దుప్పటి అడ్డం పట్టుకొని తల్లి గుడ్డలు మార్చింది. వైద్యులు చూసినది అయిదు నిమిషాలు. మంచానికే పరిమితమైన మనిషి అని ధ్రువీకరించడానికి ఆమెను మంచం దించి ఊరంతా తిప్పవలసి రావడం ఎంత విడ్డూరమో చూడండి.

ఇది సాధ్యం కాని కోరికని ఎవరూ అనడానికి వీలు లేదు. 2025 జనవరిలో ఇదే 15,000 రూపాయల పింఛను పొందుతున్నవారిని తనిఖీ చేయడానికి ప్రభుత్వం వైద్య బృందాలను ఇళ్ళకు పంపింది. వైద్యులు మంచం దగ్గరకు వచ్చి చూసి వెళ్ళారు. అనర్హులను ఏరివేయడానికి ఇంటికి రాగలిగిన వైద్యుడు అర్హులను గుర్తించడానికి ఎందుకు రాలేడు? ఈ ఒక్క ప్రశ్నను ఈ సభనుంచి గట్టిగా అడగాలన్నది మా ప్రధానమైన విన్నపం. దాని గురించి చివర మళ్ళీ చెబుతాము.

ఆ తల్లికి ధ్రువపత్రం వచ్చింది. పింఛను మంజూరు ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నాము.

వేలిముద్రల సంగతి క్లుప్తంగా. బీడీలు చుట్టి, గిన్నెలు తోమి అరిగిన వేళ్ళను యంత్రం గుర్తించదు. ‘పడలేదు, రేపు చూద్దాం’ అంటే ఇంట్లోకి తిరిగి వెళ్ళిపోకండి. కనుపాప ద్వారా, ముఖం ద్వారా గుర్తించే పద్ధతులు వారి వద్దనే ఉన్నాయి, అడగండి. ఆసుపత్రిలో ఉండో, కూతురి ఊరికి వెళ్ళో ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోతే ఆ డబ్బు పోయిందని అనుకోకండి. మూడవ నెలలో బకాయితో కలిపి ఇస్తున్నారు. వరుసగా మూడు నెలలు తప్పితేనే చిక్కు.

ఇప్పుడు ఆ కూతురి సంగతి. ఆమె జీతం పోయింది. తల్లి పింఛను వచ్చినా అది తల్లి మందులకు, గుడ్డలకు, జావకు. కూతురి శ్రమకు ఎక్కడా పద్దు లేదు. ఆమె వయస్సు నలభై దాటింది. తల్లి తరువాత ఆమెను చూసేదెవరో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 24వ సెక్షను ఉన్నది. అధిక సహాయం అవసరమైన వికలాంగుల విషయంలో సంరక్షక భత్యం ఇచ్చే పథకాలు ప్రభుత్వాలు రూపొందించాలని అందులో స్పష్టంగా ఉన్నది. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచాన పడినవారిని చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలు ఇచ్చే పథకం 2010లో మొదలైంది. 600 ఏపాటి అని మీరు అనవచ్చు. మొత్తం చిన్నదే. కానీ ఆ పద్దు ఆమె పేర ఉన్నది. ప్రభుత్వ దస్త్రంలో ఆమె ఒక మనిషిగా లెక్కకు వచ్చింది. దస్త్రంలో లేని మనిషి కోసం ఏ బడ్జెటులోనూ కేటాయింపు ఉండదని జీవితమంతా దస్త్రాలు కట్టిన మేము చెబుతున్నాము.

కేరళ మాట వచ్చింది గనుక మరొకటి. కోళికోడ్‌లో 1993లో కొందరు వైద్యులు, పౌరులు కలిసి నొప్పి నివారణ సేవను మొదలుపెట్టారు. తరువాత అది మలప్పురం జిల్లా పల్లెల్లోకి పాకింది. ముస్లింలు అధికసంఖ్యలో ఉన్న జిల్లా అది. ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, చిన్న చిన్న విరాళాలు పోగుచేసి, నర్సుతో కలిసి మంచాన పడినవారి ఇళ్ళకు వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. ఆ పని చూసిన తరువాతే రాష్ట్ర ప్రభుత్వం 2008లో పాలియేటివ్ సంరక్షణ విధానాన్ని ప్రకటించి పంచాయతీలను అందులోకి తెచ్చింది. జనం ముందు నడిచారు, ప్రభుత్వం వెనుక వచ్చింది. వారు మనకన్న ధనవంతులు గనుక అలా చేశారని చెప్పి తప్పించుకోవడానికి వీలు లేదు. మొదట కావలసింది వంతులు వేసుకొని వెళ్ళే మనుషులు.

మేమూ ప్రయత్నించాము. వారానికి రెండు గంటలు ఎవరైనా వెళ్ళి రోగి వద్ద కూర్చుంటే సంరక్షకురాలు బయటికి వెళ్ళి రావచ్చునని అనుకున్నాము. మొదట ఘోరంగా విఫలమయ్యాము. పరాయి మనుషులు వస్తే పరదా మాటేమిటని కొన్ని ఇళ్ళు, మా ఇంటి గుట్టు బయటపడుతుందని కొన్ని ఇళ్ళు తలుపే తీయలేదు. ‘మా అమ్మను చూసుకోలేని దరిద్రులమా’ అని ఒకాయన మా మీదికి వచ్చాడు. తరువాత మక్తబ్‌లో పిల్లలకు చదువు చెప్పే ఆపాలు ఇద్దరు పూనుకున్నారు. వారికి ప్రతి ఇంటా గౌరవం ఉన్నది. తలుపులు తెరుచుకున్నాయి. ఇందాక చెప్పిన కూతురి ఇంటికి వారు వెళ్ళిన మొదటి రోజు, ‘బజారుకో, బంధువుల ఇంటికో వెళ్ళి రా బేటీ’ అన్నారు. ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. పక్కగదిలో తలుపు వేసుకొని ఆ రెండు గంటలూ నిద్రపోయింది.

పరదా వెనుక ఉన్న సోదరీమణులను ప్రత్యేకంగా అర్థిస్తున్నాము. ఇద్దరు ఆపాలతో ఈ పని సాగదు. రమజాన్‌లో ఒక్కసారిగా జకాత్ పంచే పెద్దలకు కూడా ఒక మనవి. అర్హులైన రోగుల ఇళ్ళకు డైపర్లు, మందులు ప్రతినెలా కావాలి. అందులో కొంత భాగాన్ని నెలనెలా అందేలా ఏర్పాటు చేయగలరేమో ఉలమాలను అడిగి చూడండి.

ఆస్తి విషయం చెప్పకుండా ముగించడం మాకు న్యాయం అనిపించడం లేదు, కొందరికి నచ్చకపోయినా సరే. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అది మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. పిల్లలు చూడకపోతే రెవెన్యూ డివిజను స్థాయి ట్రైబ్యునలుకు తెల్ల కాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించవచ్చు. నోటీసు అందిన తరువాత 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటున్నది. అప్పీలు కలెక్టరు స్థాయిలో. ఇంతవరకు చాలామంది విన్నదే. మన ఇళ్ళకు ముఖ్యమైనది 23వ సెక్షను. తనను చూసుకోవాలన్న షరతుతో పెద్దలు ఆస్తి రాసిచ్చిన తరువాత పిల్లలు చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. కానీ ఆ షరతు ఉన్నట్లు తేలాలి. కేవలం బదిలీ జరిగిందని చూపితే చాలదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది.

మన హిబా నోటిమాటతో కూడా చెల్లుతుంది. ఇచ్చానని చెప్పడం, పుచ్చుకున్నానని చెప్పడం, స్వాధీనం చేయడం, ఇంతే. నలుగురి ముందు ‘ఈ ఇల్లు నీకే ఇచ్చాను బేటా’ అంటారు. చూసుకోవాలన్న షరతు మనసులో ఉంటుంది, కాగితం మీద ఉండదు. ఏడాది తిరిగేసరికి ఆ పెద్దాయన తన ఇంటి వసారాలోనే అద్దెదారులా బతుకుతాడు. అటువంటి ఇద్దరు పెద్దలు మా ఆదివారపు గదికి వచ్చారు. ట్రైబ్యునలులో ఏమని రాయాలో మాకు తోచలేదు. కనుక పెద్దలారా, ఇవ్వదలచుకుంటే రాతపూర్వకంగా, రిజిస్టరు చేయించి, నా జీవితాంతం నన్ను, నా భార్యను పోషించి, వైద్యం చేయించాలన్న మాట అందులో స్పష్టంగా రాయించి ఇవ్వండి. కొడుకు మీద నమ్మకం లేదా అని అడుగుతారు. నమ్మకం ఉన్నవారే కాగితం రాయించాలి, లేనివారు అసలు ఇవ్వనే ఇవ్వరు.

మిగిలినవి గబగబా చెబుతాము, కరపత్రంలో ఉన్నాయి. 14567 అన్న నంబరు వయోవృద్ధుల కోసం కేంద్రం నడిపే ఉచిత సహాయవాణి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. దానికి ఆధార్‌లో వయస్సు చూస్తారు గనుక ఇందాకటి చిక్కు ఇక్కడా వస్తుంది. చేతికర్రలు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు పేద వృద్ధులకు వయోశ్రీ పథకం శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడో తెలిసిన రోజున మస్జిద్ బోర్డు మీద రాస్తాము.

ఇక ఆ ఒక్క విన్నపం. ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల అర్జీలు తీసుకుంటారు. వచ్చే సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మేము ఇక్కడినుంచి బయలుదేరుతున్నాము. అర్జీలో రెండే అంశాలు. మంచాన పడినవారికి సదరం పరీక్ష ఇంటివద్దనే జరపాలి. 2016 చట్టం చెప్పిన సంరక్షక భత్యాన్ని మన రాష్ట్రంలో అమలు చేయాలని ప్రభుత్వానికి సిఫారసు చేయాలి. మంచాన పడినవారు, వారిని చూసేవారు అన్ని వీధుల్లోనూ ఉన్నారు గనుక పక్క పేటల హిందూ, క్రైస్తవ సోదరులను కూడా కలుపుకున్నాము. కొందరు సంతకాలు ఇచ్చారు. రసీదు తప్పక తీసుకుంటాము. రసీదు లేని అర్జీ ఏమవుతుందో మాకు తెలుసు.

బయట చెప్పులు విడిచేచోట బల్ల మీద ఒక రిజిస్టరు ఉంచాము. అందులో మీ పేరు రాయకండి. మీ ఇంట్లో, మీ సందులో మంచాన పడినవారి పేరు రాయండి. దాని పక్క గడిలో, వారిని చూసుకుంటున్న మనిషి పేరు రాయండి. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కోడలు’ అని కాదు, ఆమె సొంత పేరు. తెలియకపోతే ఇంటికి వెళ్ళి అడిగి ఇషా నమాజుకు వచ్చినప్పుడు రాయండి. రిజిస్టరు అంతవరకు అక్కడే ఉంటుంది.

వస్సలామ్.